ఒక్క సరుకు అంగడి



సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట వైపు వాళ్లకు గానీ, సత్యవేడు, నగరి, పుత్తూరు వైపు వాళ్లకు గానీ చెన్నపట్నం పరాయి ఊరు కాదు. ఆసుపత్రికని వెళతాం, పెళ్లిబట్టలకని వెళతాం, పిల్లల చదువులకని వెళతాం. వచ్చేటప్పుడు ఇంటికి ఏదో ఒకటి పట్టుకురావడం మనకు అలవాటు. రైలుకు ఇంకో గంట ఉందనగా స్టేషను ఎదుట కనిపించిన అంగట్లో దూరి, అద్దాల బీరువాలో ఉన్న మిఠాయి ఒక కిలో కట్టించుకుని బయటపడతాం. అది ఎక్కడ చేశారో అడగం, ఎప్పుడు చేశారో అడగం. అదే గంటలో, అదే డబ్బుతో ఇంతకన్నా మంచి సరుకు తెచ్చుకోవచ్చు. అదెలాగో ఈ పూట మాట్లాడుకుందాం.

పెద్ద పట్నాలలో ఒక రకం అంగళ్లుంటాయి. వాటిలో అన్నీ దొరకవు. ఒకాయన కాఫీపొడి ఒక్కటే అమ్ముతాడు. ఒకాయన నూనె, ఇంకొకాయన ఇంగువ, మరొకాయన ఎండుచేపలు. మన పల్లెలో అయితే ఉప్పు నుంచి కిరసనాయిలు దాకా ఒకే కొట్లో అమ్మితేనే ఆ కొట్టు నడిచేది. పట్నంలో కొనే జనం ఎక్కువ కాబట్టి ఒక్క సరుకుతోనే ఒక కుటుంబం బతకగలదు. ఒక్క సరుకునే ఇరవై ముప్పై ఏళ్లు చేతితో పట్టి చూసిన మనిషికి ఆ సరుకు గుట్టంతా తెలుస్తుంది. అలాంటి అంగడికి వెళితే మనం సరుకుతో పాటు ఆ మనిషి తెలివిని కూడా తెచ్చుకోవచ్చు. దానికి వేరే ధర లేదు. నోరు తెరిచి అడగడమే ధర.

మన సరిహద్దు వాళ్లకు ఇందుకు వీలైన చోటు ఉత్తర చెన్నైలోని తొండియార్‌పేట. సూళ్లూరుపేట నుంచి వెళ్లే లోకల్ రైళ్లు గుమ్మిడిపూండి, పొన్నేరి, ఎన్నూరు, తిరువొత్తియూరు మీదుగా ఈ దారినే పోతాయి. తొండియార్‌పేట రైల్వే స్టేషను దాటగానే కొరుక్కుపేట. మెట్రో రైలు స్టేషను మాత్రం వేరే చోట, తిరువొత్తియూరు హైరోడ్డు మీద ఉంది. ఈ రెండింటినీ కలిపి తికమక పడకండి. ఆ మెట్రో దారి 2021 ఫిబ్రవరిలో మొదలయింది. అక్కడ ఎక్కితే మన్నడి, హైకోర్టు స్టేషన్లు దగ్గరే. జార్జిటౌను అంగళ్లన్నీ అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి.

తొండియార్‌పేట అనే పేరు వెనుక ఒక కథ చెబుతారు. రామనాథపురం సీమలో తొండి అనే రేవు ఉంది. ఆ ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుణంగుడి మస్తాన్ సాహెబు అనే సూఫీ కవిని జనం తొండియార్ అని పిలిచేవారట. ఆయన ఉన్న పేట కాబట్టి తొండియార్‌పేట అయిందంటారు. 1838లో ఆయన కాలం చేశారు. పక్కనే ఉన్నది వణ్ణారపేట, అంటే చాకలిపేట. ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం చేసిన రోజులలో నేతబట్టను ఉతికి చలవ చేసే వాళ్లు అక్కడ ఉండేవారు. ఈ పేటలలో తెలుగు మాట కొత్త కాదు. మెట్రోలో తొండియార్‌పేట తర్వాతి స్టేషనుకు త్యాగరాయ కళాశాల పేరు పెట్టారు. ఆ పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగు దేవాంగుల బిడ్డ. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీ పెద్ద పదవి తన ముందుకు వస్తే వద్దన్న మనిషి. ఆయన పేరు మీదే టి.నగర్ వెలిసింది. కాబట్టి అక్కడి అంగడి ముందు నిలబడి తెలుగులో అడగడానికి మొహమాటపడకండి. జవాబు తెలుగులోనే రావచ్చు.

సరే, ఇక సరుకుల దగ్గరికి వద్దాం.

మొదట కాఫీపొడి. వీధి మొదట్లోకి అడుగుపెట్టగానే వాసనే మనల్ని పిలుస్తుంది. గింజలు వేయించి, మన కళ్ల ముందే మరలో పోసి ఆడించి ఇచ్చే అంగడి ఇది. అక్కడ రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఏ గింజ? పీబెర్రీ అంటే, కాఫీ పండులో మామూలుగా ఉండే రెండు బద్దల బదులు ఒకే గుండ్రటి గింజ కట్టింది. ప్లాంటేషన్ అంటే పండు తొక్క తీసి, కడిగి ఆరబెట్టిన అరబికా గింజ. ఇది వాసనకు మంచిది. రొబస్టా గింజ కాస్త చేదుగా, చిక్కగా ఉంటుంది. రెండో ప్రశ్న, చికోరీ ఎంత? చికోరీ కాఫీ కాదు. అదొక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. కాఫీకి రంగూ చిక్కదనమూ వస్తాయి, కాఫీలో ఉండే ఉత్తేజం మాత్రం దానిలో ఉండదు. నూటికి ఇరవై పాళ్లు కలిపితే ఒక రుచి, ముప్పై కలిపితే ఒక రుచి. అది మన ఇష్టం. అయితే మనకు చెప్పి కలపాలి. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గకూడదు. ప్యాకెట్టు మీద ఈ పాళ్లు రాసి ఉంటాయి, చూడండి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. గ్లాసు చన్నీళ్లలో చిటికెడు పొడి మెల్లగా చల్లండి. కాఫీ పొడి కాసేపు పైన తేలుతుంది. చికోరీ వెంటనే మునుగుతూ, నీళ్లలోకి రంగు చారలు వదులుతుంది. ఇంకొక సంగతి. ఆడించిన పొడి వాసన రోజురోజుకూ తగ్గిపోతుంది. ఎలాగూ వచ్చాం కదా అని రెండు కిలోలు కొనకండి. పదిహేను రోజులకు సరిపడా కొని, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి.

రెండోది నూనె. తమిళులు నువ్వుల నూనెను నల్లెణ్ణై అంటారు, అంటే మంచి నూనె. మనం ఆవకాయలో పోసేదీ అదే. అక్కడ చెక్కు నూనె అని బోర్డు కనిపిస్తే అది మన గానుగ నూనె అన్నమాట. ఆ పక్క నువ్వులను గానుగలో వేసేటప్పుడు తాటిబెల్లం కూడా కాస్త చేర్చి ఆడించడం పాత పద్ధతి. అందువల్ల నూనెకు చేదు తగ్గి ఒక కమ్మదనం వస్తుంది. గానుగ మెల్లగా తిరుగుతుంది కాబట్టి నూనె ఎక్కువ వేడెక్కదు, నువ్వుల వాసన పోదు. సీసా అడుగున కొంచెం మడ్డి కనిపించినంత మాత్రాన కల్తీ అనుకోనక్కరలేదు. రెండు రోజులు తేరనివ్వాలి, అంతే. ఇక్కడ అడగవలసింది, ఎప్పుడు ఆడించారు అని. రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇస్తే తప్ప వంటనూనెను విడిగా పోసి అమ్మకూడదని 2011 నాటి నిబంధన చెబుతోంది. కాబట్టి మూత బిగించి, తేదీ రాసిన సీసానే తీసుకోండి.

తాటిబెల్లం మాట వచ్చింది కదా. తమిళంలో దాన్ని కరుపట్టి అంటారు. తాటిచెట్టు గెలను గీసి, లోపల సున్నం పూసిన ముంతను కడతారు. సున్నం ఉంటే నీరు పులిసి కల్లు కాదు. ఆ తియ్యటి నీటిని కాచి, పాకం వచ్చాక కొబ్బరిచిప్పల్లో పోస్తారు. అందుకే కరుపట్టి అచ్చు సగం కొబ్బరికాయ ఆకారంలో ఉంటుంది. పనంగల్కండు అనేది తాటి కలకండ. దగ్గు వచ్చినప్పుడు పాలలో వేసి ఇచ్చేది. ఈ రెండిటిలోనూ చెరకు చక్కెర కలపడం ఎక్కువగా జరిగే మోసం. తాటినీరు ఏడాది పొడుగునా రాదు. ఎండాకాలపు పంట అది. చెట్టెక్కే మనుషులూ తగ్గిపోయారు. కాబట్టి ఏ కాలంలో వెళ్లినా గుట్టలుగా, అదీ మామూలు బెల్లం ధరకే దొరుకుతోందంటే అనుమానించవలసిందే. మంచి అంగడివాడు ధర ఎక్కువ చెబుతాడు, ఎందుకు ఎక్కువో కూడా చెబుతాడు.

మూడోది ఇంగువ. చిటికెడు వస్తువు, దాని ప్రయాణం మాత్రం చాలా పెద్దది. అఫ్గానిస్తాన్, ఇరాన్ వంటి చలిదేశాలలో పెరిగే ఒక మొక్క వేరును గీస్తే కారే పాలు గడ్డకట్టి ఇంగువ అవుతుంది. మన దేశంలో ఇంత ఇంగువ తింటున్నా, ఆ మొక్క సాగు ఇక్కడ మొదలయింది నిన్న మొన్ననే. 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో శాస్త్రవేత్తలు మొదటి మొక్కలు నాటించారు. అసలు ఇంగువ ఘాటు భరించలేనిది. అందుకని పిండి, తుమ్మజిగురు వంటివి కలిపి అమ్ముతారు. దాన్నే కూటు ఇంగువ అంటారు. ఇది కల్తీ కాదు, వాడుకకు అనువుగా చేసే పద్ధతి. కానీ ఏం కలిపారో తెలుసుకోవడం మన హక్కు. ఇంట్లో గోధుమ పడని వాళ్లుంటే ఇది తప్పకుండా అడగండి, ఎందుకంటే చాలావాటిలో కలిపేది గోధుమపిండే. ముద్ద ఇంగువ, పొడి ఇంగువ రెండూ చూపించమనండి. ఘాటు ఏది ఎక్కువో మీ ముక్కే చెబుతుంది.

నాలుగోది మాంసాహారుల కోసం. తొండియార్‌పేటకు తూర్పున సముద్రం, ఆ ఒడ్డున కాశిమేడు చేపల రేవు ఉంది. తెల్లవారక ముందే అక్కడ బేరం మొదలవుతుంది. పచ్చిచేపను రైల్లో తెచ్చుకోవడం కష్టం గనుక, మనకు వీలయ్యేది ఎండుచేప. తమిళంలో కరువాడు. నెత్తళ్లు, వంజరం ముక్కలు, సొర ముక్కలు, ఇలా రకరకాలుగా అమ్ముతారు. ముక్కను వంచి చూడండి. మెత్తగా, తేమగా తగిలితే సరిగా ఎండలేదని అర్థం, ఇంటికి చేరేసరికి బూజు పట్టవచ్చు. ఉప్పు పొర ఉండవచ్చు గానీ, ఆకుపచ్చ మచ్చ గానీ ఎర్రటి మచ్చ గానీ ఉండకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. మన నెల్లూరు తీరానికీ ఇదే లెక్క. ఆ రోజుల్లో పచ్చిచేప ధర పెరుగుతుంది, ఎండుచేపకు గిరాకీ వస్తుంది. కాబట్టి కొనదలచిన వాళ్లు అంతకు ముందే కొనుక్కోవడం తెలివి.

దాహం సంగతి కూడా చెప్పుకోవాలి. ఎండలో తిరిగి అలసిపోతే ఏదో ఒక రంగునీళ్ల సీసా కొనేస్తాం. అక్కడ దొరికే స్థానికమైన పానీయాలు చూడండి. పన్నీరు సోడా అంటే గులాబీ వాసన గల సోడా. బొవొంటో అనేది ద్రాక్ష రుచి గల నల్లటి పానీయం. దాన్ని చేసే కాళీమార్క్ కంపెనీ 1916లో తమిళనాడులోనే పుట్టింది. నన్నారి షర్బత్తు మన రాయలసీమ వాళ్లకు తెలిసిందే, సుగంధి వేరు కాచి చేసేది. ఇక్కడా ఒక ప్రశ్న ఉంది. వేరు కాచిందా, లేక వాసన కోసం ఎసెన్సు కలిపిందా? వేరుతో కాచిన దానికి రుచి గొంతులో కాసేపు నిలుస్తుంది. మంచి అంగట్లో వేరు కూడా అమ్ముతారు. ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియని చోట ఐసు వద్దనడం మంచిది.

శ్రోతలారా, ఇంతవరకూ ఇంటికి తెచ్చుకునే సరుకులు చెప్పుకున్నాం. అక్కడే నిలబడి తినవలసింది ఒకటుంది. దాని పేరు అత్తో. మెట్రో ఎక్కి హైకోర్టు దగ్గర దిగి, బీచ్ స్టేషను వైపు నడిస్తే బర్మా బజారు వస్తుంది. దాని వెనక సెకండ్ లైన్ బీచ్ రోడ్డులో సాయంత్రం పూట బండ్లు కనిపిస్తాయి. నారింజ రంగు సేమ్యాల వంటి నూడుల్సులో కోసిన క్యాబేజీ, ఉల్లిపాయ, వేయించిన ఉల్లి, చింతపండు రసం, కారం, వెల్లుల్లి నూనె వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కన వేడివేడిగా అరటిదవ్వ సూపు. ఇది బర్మా తిండి. ఉత్తర చెన్నైలో ఇంకా చాలా చోట్ల ఈ బండ్లుంటాయి.

బర్మా తిండి ఇక్కడికెలా వచ్చిందంటే, అది మన కథ కూడా. బ్రిటిషు వాళ్ల కాలంలో తమిళులే కాదు, గోదావరి, విశాఖ సీమల నుంచి తెలుగువాళ్లు వేలాదిగా ఓడలెక్కి రంగూను వెళ్లారు. కోరంగి రేవు నుంచి వెళ్లినందుకు వాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు ఎందరో అడవుల గుండా కాలినడకన తిరిగి వచ్చారు. తర్వాత 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. అంగళ్లన్నీ జాతీయం చేసేసరికి మిగిలినవాళ్లు కూడా దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కి మద్రాసుకు, విశాఖకు చేరుకున్నారు. విశాఖ కంచరపాలెంలో ఇవాళ్టికీ బర్మా క్యాంపు ఉంది. మద్రాసులో వాళ్ల జీవనం కోసం 1969లో బర్మా బజారు ఏర్పడింది. ఆస్తులు అక్కడే వదిలేసి వచ్చారు గానీ, నాలుక మీది రుచిని వదిలేయమని ఎవరూ అనలేరు కదా. ఆ రుచే బండి మీదికెక్కి వాళ్లకు బతుకునిచ్చింది. బర్మాలో మొహింగా అనే వంటకాన్ని చేపల పులుసుతో చేస్తారు. చెన్నైలో దాన్ని అరటిదవ్వ పులుసుతో కూడా చేస్తున్నారు. ఊరు మారితే వంట కూడా ఇలా కొంచెం సర్దుకుంటుంది.

అక్కడికి దగ్గరలోనే షావుకారుపేట. తంగసాల వీధిలో, అంటే మింట్ స్ట్రీటులో, ఉత్తరాది నుంచి వచ్చిన మార్వాడీ, గుజరాతీ కుటుంబాల మిఠాయి అంగళ్లున్నాయి. కాకడా రాంప్రసాద్ అంగట్లో వేడి జిలేబీ, బాదంపాలు పేరుమోసినవి. ఆ దగ్గరే కొత్వాల్ చావడి. 1996లో కోయంబేడు మార్కెట్టు వచ్చే దాకా పట్నానికంతా కూరగాయలు అక్కడి నుంచే వెళ్లేవి. ఆ మార్కెట్టు మన ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి ఆస్తి. చూశారా, ఒక మైలు దూరంలో తమిళుల నూనె, మార్వాడీల జిలేబీ, బర్మా వాళ్ల అత్తో, తెలుగువాళ్ల మార్కెట్టు. ఊరు వదిలి వచ్చిన ప్రతివాడూ మొదట తన తిండి కోసం పొయ్యి వెలిగించాడు. ఆ పొయ్యే తర్వాత అంగడి అయింది.

ఇక మిఠాయిల విషయంలో ఒక జాగ్రత్త. ఊరి పేరుతో అమ్మేవి చాలా ఉంటాయి. శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవాకు 2019లో, కోవిల్‌పట్టి చెనక్కాయ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చింది. ఈ గుర్తింపు అర్థం ఏమిటంటే, ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేసిన దానికే ఆ పేరు చెల్లుతుందని. కాబట్టి పెట్టె మీద ఊరి పేరు చూసి సంతోషపడకుండా, చేసినవారి చిరునామా ఏ ఊరిదో చదవండి. విడిగా అమ్మే మిఠాయిలకు కూడా ఎప్పటిలోగా తినాలో ఆ తేదీ పళ్లెం దగ్గర చూపించాలని 2020 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. అది కనిపించకపోతే అడగండి. పాలతో చేసిన మిఠాయి త్వరగా చెడుతుంది. రాత్రంతా ప్రయాణం ఉంటే పాల్కోవా కన్నా చెనక్కాయ మిఠాయి మేలు. ప్యాకెట్టు మీద ఆహార భద్రత లైసెన్సు నంబరు 14 అంకెలతో ఉంటుంది. అది లేని ప్యాకెట్టు వద్దు.

మొత్తం మీద గుర్తు పెట్టుకోవలసినవి నాలుగు ప్రశ్నలు. ఎక్కడిది? ఎప్పుడు చేసింది? ఏం కలిపారు? ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈ నాలుగింటికి విసుక్కోకుండా జవాబు చెప్పే అంగట్లో మొదటిసారి కొంచెమే కొనండి. నచ్చితే మళ్లీ వెళ్లండి. విసుక్కున్న చోట నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి. అడిగేవాళ్లు ఉన్నంత కాలమే చెప్పగలిగిన అంగడివాడు ఉంటాడు. ఎవరూ అడగకపోతే గానుగవాడికీ, రంగు కలిపేవాడికీ తేడా లేకుండా పోతుంది. అప్పుడు ధర తక్కువ చెప్పినవాడే నిలుస్తాడు, నిజం చెప్పినవాడు అంగడి మూస్తాడు. అలా మూసిన అంగడి మళ్లీ తెరుచుకోవడం కష్టం, ఎందుకంటే దాని సరుకు గోడౌనులో లేదు, ఆ మనిషి చేతిలో ఉంది.

ఈ మాట చెన్నపట్నానికే కాదు. నెల్లూరు మలైకాజా చేసే వంటగదికైనా, చిత్తూరు వైపు బెల్లం కాచే గానుగ దగ్గరికైనా ఇవే నాలుగు ప్రశ్నలు పట్టుకెళ్లవచ్చు. మన ఊళ్లో కూడా ఒక్క సరుకునే నమ్ముకుని బతికే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఈసారి పట్నం వెళ్లేలోపు ఒకసారి ఆ గడప తొక్కి చూడండి.